నేను కొట్టేసిన ఒక్క వాక్యం

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే అందరికీ ప్రోగ్రాములు రాసేవాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళు తయారుచేసినదాన్ని ఎలా వాడాలో మామూలు మాటల్లో రాసిపెట్టేవాళ్ళు కూడా ఉంటారని, ఆ పనికీ జీతమిస్తారని నలభై ఏళ్ళు నిండేదాకా నాకూ తెలియదు. అంతకుముందు పదహారేళ్ళు ఒక చిన్న బడిలో ఇంగ్లీషు, సైన్సు చెప్పాను. బడి మూతపడ్డాక జయనగర్‌లో ఒక బేకరీ పైన రెండు గదుల్లో నడిచే కంపెనీలో డాక్యుమెంట్లు రాసే పనికి కుదిరాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఆఫీసులో నాకంటే పెద్దవాళ్ళు ఎవరూ లేరు. కంప్యూటరు గురించి నాకంటే తక్కువ తెలిసినవాళ్ళూ ఎవరూ లేరు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను కలిసినప్పుడు, "మేడం, మీరు రాసినవాటిలో బాగా గుర్తున్న డాక్యుమెంట్ ఏది?" అని అడుగుతుంటారు. బాగా రాసిందేదీ నాకు గుర్తులేదు. చెడగొట్టింది ఒకటి మాత్రం పేజీలతో సహా గుర్తుంది. దాని గురించే చెబుతాను.

మా కంపెనీ వెబ్‌సైట్లు కట్టడానికి ఒక ఫ్రేమ్‌వర్క్ వాడేది. ఇల్లు కట్టేవాళ్ళకి ముందే పోసిపెట్టిన పునాదీ, స్తంభాలూ దొరికితే ఎలా ఉంటుందో వెబ్‌సైటు కట్టేవాళ్ళకి అది అలాంటిది. అందులో లేని సౌకర్యమేదైనా కావాలంటే ప్లగిన్ అని ఒక చిన్న భాగం విడిగా తయారుచేసి దానికి తగిలిస్తారు. బెంగళూరు శివార్లలో జిగణి దగ్గర ఒక మిషన్ ఆసుపత్రి కోసం మేము అలాంటి ప్లగిన్ ఒకటి చేశాం. గ్రానైటు కోసే షెడ్లలో పనిచేసేవాళ్ళు ఆ ఆసుపత్రికి ఎక్కువగా వచ్చేవారు. వాళ్ళలో క్షయ జబ్బు ఉన్నవాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి మందు వేసుకోవాలి. ఎవరు రాలేదో మా ప్లగిన్ ప్రతి ఉదయం ఒక జాబితా ఇస్తుంది. ఆరోగ్య కార్యకర్త ఆ జాబితా పట్టుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్తాడు. అంతే దాని పని.

ఆ ప్లగిన్ రాసిన ప్రోగ్రామరుది తెనాలి. ముప్పై ఏళ్ళుంటాయి. ఆఫీసులో అందరూ నన్ను మేడం అంటే అతను మాత్రం అక్కా అనేవాడు. ఒకరోజు టీ తాగుతూ చెప్పాడు.

"అక్కా, లిస్టు ఒకసారి తయారైతే కాష్‌లో కూర్చుంటుంది. ఎంతసేపు ఉంచాలో సెట్టింగ్స్ ఫైల్లో ఒక లైన్ రాయాలి. రాయకపోతే అది ఎక్స్‌పైర్ అవదు. ఇది మాత్రం తప్పకుండా పెట్టండి."

కాష్ అంటే ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి, మళ్ళీ అడిగితే అదే తీసి చూపించే చోటు. గడువు రాయకపోతే ఆ పాత పేజీనే ఎప్పటికీ చూపిస్తుంది. ఇప్పుడు ఇలా చెప్పగలుగుతున్నాను గానీ ఆ రోజు నాకు సగమే అర్థమైంది. తల ఊపాను. అతని మాటల్నే ఒక వాక్యంగా డాక్యుమెంట్‌లో రాశాను.

తర్వాత మా మేనేజరు డాక్యుమెంట్ చూసి, ఎనిమిది పేజీలకు మించకూడదన్నాడు. పెద్ద పుస్తకం చూస్తే కస్టమర్లు భయపడతారని అతని నమ్మకం. నా దగ్గర తొమ్మిదో పేజీలోకి కాస్త జారింది. ఏం తీసేద్దామా అని వెతుకుతుంటే ఆ కాష్ వాక్యం కనబడింది. నా కంప్యూటర్లో ఆ లైన్ లేకుండా ప్లగిన్ పెట్టి చూశాను. నాలుగు పేర్లు మార్చి చూశాను. ప్రతిసారీ తాజా జాబితానే వచ్చింది. అవసరం లేదన్నమాట అనుకున్నాను.

నిజం చెప్పాలంటే అదొక్కటే కారణం కాదు. ఆ వాక్యం నాకు అర్థం కాలేదు. వెళ్ళి అతన్ని ఇంకోసారి అడగాలంటే సిగ్గేసింది. పదహారేళ్ళు పిల్లలకు "అర్థం కాకపోతే అడగండర్రా" అని చెప్పినదాన్ని, నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడి ముందు రెండోసారి అడగలేకపోయాను. వాక్యం కొట్టేశాను. ఎనిమిది పేజీలు సరిగ్గా వచ్చాయి.

ప్లగిన్ పెట్టిన వారానికి ఆసుపత్రి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చేసేది రికార్డుల గదిలో పనిచేసే ఒక నర్సమ్మ. మాది తెలుగు కంపెనీ కాకపోయినా ఫోన్ ఎత్తింది నేను కావడంతో తెలుగులోనే మాట్లాడేది. హిందూపురం వైపు మాట.

"మేడం, మొన్నటి లిస్టే మళ్ళా వస్తా ఉండాది."

"డాక్యుమెంట్‌లో పదకొండు అంశాలున్నాయి కదమ్మా, అన్నీ చేశారా?"

"అన్నీ చేసినా మేడం. ఒకటొకటే చదువుకుంటా చేసినా."

"ఎక్కడో ఒకటి వదిలేసి ఉంటారు. మొత్తం తీసేసి మొదటి నుంచి చేయండి."

ఆమె అలాగే చేసేది. ఆ రోజుకి జాబితా సరిగ్గా వచ్చేది. దాంతో మాకు ఇంకా ధైర్యం. చూశారా, సరిగ్గా చేస్తే వస్తోంది కదా! రెండు రోజులు పోయాక మళ్ళీ ఫోన్. నా గొంతులో బడి టీచరు వచ్చేసేది. హోంవర్కు చేయని పిల్లతో మాట్లాడినట్టు ఆమెతో మాట్లాడాను. ఫిర్యాదులు రాసుకునే పుస్తకంలో మూడుసార్లు "వాడేవారి పొరపాటు" అని రాశాను. ఆ మూడింటి నకళ్ళూ ఆసుపత్రికి వెళ్ళాయి.

నెల గడిచేసరికి ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఆరోగ్య కార్యకర్త జాబితా పట్టుకుని ఒక ఇంటికి వెళ్ళి, మీ ఆయన మందుకెందుకు రాలేదమ్మా అని అడిగాడట. ఆ మనిషి చనిపోయి అప్పటికి నాలుగు రోజులు, ఆ సంగతి ఆసుపత్రిలో నమోదైంది కూడా. ఆమె ఏడుస్తుంటే చుట్టుపక్కల వాళ్ళు వచ్చి కార్యకర్తను కొట్టబోయారట.

మేనేజరు నన్ను పిలిచాడు. ఆ మిషన్‌కు ఇంకో నాలుగు ఆసుపత్రులున్నాయి, వాటికీ మా ప్లగిన్ తీసుకునే మాటలు జరుగుతున్నాయి. "మీరు వెళ్ళండి. ఆవిడ ఎక్కడ తప్పు చేస్తోందో పక్కన నిలబడి చూసి రాసుకురండి. మన డాక్యుమెంట్ బాగానే ఉందని వాళ్ళకు తెలియాలి" అన్నాడు. నేనూ అదే అనుకుంటూ జిగణి బస్సు ఎక్కాను.

రికార్డుల గది మందుల స్టోరు పక్కన ఉంది. నర్సమ్మకు నా వయసే ఉంటుంది. ఇరవై ఏళ్ళు వార్డులో పనిచేసిందట. ఒక రోగిని మంచం మీదకు ఎత్తుతుంటే నడుము పట్టేసింది. అప్పటినుంచి నడుముకు బెల్టు కట్టుకుని ఇక్కడ కూర్చుంటోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"మీరు చేస్తూ ఉండండి. నేను ఏమీ మాట్లాడను, చూస్తానంతే" అన్నాను.

ఆమె నా డాక్యుమెంట్ బల్ల మీద పరిచింది. మొదటి వాక్యం కింద స్కేలు పెట్టింది. పైకి చదివింది. చేసింది. పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టింది. స్కేలు కిందికి జరిపింది. పరీక్ష హాల్లో కాపీ పట్టుకోవడానికి నిలబడ్డట్టు నేను ఆమె వెనకాల నిలబడ్డాను. అయిదో అంశం, ఆరో అంశం, ఏడు. ఎక్కడా తప్పు లేదు. నా చేతిలో కాగితం ఖాళీగానే ఉంది.

ఆమె మోచేతి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఏమిటని అడిగితే ఇచ్చింది. ప్లగిన్ తీసి పెట్టిన ప్రతిసారీ ఏ రోజు, ఏం టైపు చేసింది, తెర మీద ఏం కనబడింది అన్నీ రాసుకుంది. తొమ్మిదిసార్లు.

"ఇంత వివరంగా ఎందుకు రాశారు?"

"వార్డులో మందిచ్చి కేసుషీటులో రాయకుంటే ఇయ్యనట్లే లెక్క మేడం. అదే అలవాటు."

పదకొండో అంశం పూర్తయింది. జాబితా వచ్చింది, సరిగ్గానే ఉంది. "ఈపొద్దు బాగనే వస్తాది మేడం. రేపట్నుంచి సూడాల" అంది ఆమె.

రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే చూద్దామన్నాను. అప్పుడే మందు వేసుకుని వెళ్తున్న ఒకామె పేరు జాబితాలో ఉంది. ఆమె వచ్చినట్టు నమోదు చేయమన్నాను. చేసింది. జాబితా మళ్ళీ తెరిచాం. ఆ పేరు పోలేదు. ఇంకోసారి తెరిచాం. పోలేదు.

డాక్యుమెంట్ అందుకుని చివరి అంశం మళ్ళీ చదివాను. పదకొండో అంశం ఏమిటంటే, పరీక్ష కోసం పెట్టుకున్న అమరికను ఆపేసి అసలు వాడకంలోకి మార్చడం. ఆఫీసులో నా కంప్యూటర్లో దాన్ని నేనెప్పుడూ మార్చలేదు. పరీక్ష అమరికలో ఉన్నంతసేపూ కాష్ పనిచేయదు, ప్రతిసారీ తాజా జాబితా వస్తుంది. నేను చూసింది అదే. ఆమెతో ఆ పదకొండో అంశాన్ని వెనక్కి మార్పించాను. జాబితా తెరిచాం. పేరు పోయింది. మళ్ళీ అసలు వాడకంలోకి మార్పించి, ఇంకొకరి హాజరు వేయించాను. ఆ పేరు కదల్లేదు.

ఆమె నా డాక్యుమెంట్‌ను చివరిదాకా పాటించింది కాబట్టే జాబితా పాతబడింది. బద్ధకించి పదో అంశం దగ్గర ఆపేసే మనిషైతే అంతా సవ్యంగా నడిచేది.

వరండాలోకి వెళ్ళి ప్రోగ్రామరుకు ఫోన్ చేశాను. విన్న వెంటనే అడిగాడు, "అక్కా, ఆ కాష్ టైమ్ లైన్ పెట్టారు కదా?"

"పెట్టి, తీసేశాను."

తిడతాడనుకున్నాను.

"లైన్ రాయకపోయినా డిఫాల్ట్‌గా ఒక్కరోజే ఉండేలా నేనే చేసుండాల్సిందక్కా. ఎవరో ఒక లైన్ మర్చిపోతే ఇంత జరిగేలా రాయడం నాది కూడా తప్పే. నా గురించి కూడా చెప్పండి వాళ్ళకి" అన్నాడు. తర్వాత ఆ లైన్ ఎలా రాయాలో అక్షరం అక్షరం చెప్పాడు.

మేనేజరుకూ ఫోన్ చేశాను. అతను అంతా విని, ప్రస్తుతానికి సర్వర్‌లో సమస్య అని చెప్పి సరిచేసి వచ్చేయమన్నాడు. అబద్ధం కూడా కాదు కదా, సర్వర్‌లోనే కదా ఉంది అన్నాడు. నేను సరేననలేదు, కాదనలేదు. ఆ సర్వర్‌లో, అంటే ప్లగిన్ నడిచే ఆసుపత్రి కంప్యూటర్లో, అన్నీ పెట్టింది నర్సమ్మే. అలా చెబితే నింద ఎక్కడికి వెళ్తుందో ఇద్దరికీ తెలుసు.

ఆసుపత్రి పరిపాలన చూసే పెద్దాయనది గుంటూరు వైపు. నన్నూ నర్సమ్మనూ తన గదికి పిలిచాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. దాన్ని నా వైపు కొంచెం తిప్పాడు. నర్సమ్మను రికార్డుల పని నుంచి తప్పించి, కంప్యూటరు నేర్చిన మనిషిని బయటినుంచి తెచ్చుకునే ఉత్తర్వు. సంతకం మాత్రమే మిగిలింది. వార్డులో నిలబడే నడుము ఆమెకు లేదు. ఈ పని పోతే ఆసుపత్రి క్వార్టర్సు కూడా ఖాళీ చేయాలి. ఇదంతా ఆమెకు ముందే తెలుసనుకుంటాను. చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది.

"ఆమె మంచి మనిషేనమ్మా. కానీ కంప్యూటరు అందరికీ పట్టుబడదు. మీరు చూసొచ్చారు కదా, తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పండి" అన్నాడు పెద్దాయన.

"తప్పు మా డాక్యుమెంట్‌లో ఉందండీ. ఉండాల్సిన ఒక వాక్యం లేదు. ఈమె ఒక్క తప్పు కూడా చేయలేదు."

"మీ ఆఫీసు నుంచి మూడుసార్లు ఈమెదే పొరపాటని రాసి పంపారు కదా?"

"ఆ మూడూ రాసింది నేనే. వాక్యం కొట్టేసిందీ నేనే."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కోప్పడితే బాగుండుననిపించింది. "మరి ఆ చనిపోయినాయన ఇంటికి వెళ్ళి ఈ మాట ఎవరు చెప్తారమ్మా?" అని అడిగాడు.

నేను వెళ్తానన్నాను. గోడ దగ్గర్నుంచి నర్సమ్మ మొదటిసారి నోరు తెరిచింది. "నేనూ పోతా సార్. ఆయమ్మకు నా ముఖం తెలుసు."

ఇద్దరం ఆటోలో వెళ్ళాం. షెడ్ల వెనకాల వరసగా రేకుల ఇళ్ళు. ఆకుల మీద, తాడు మీద ఆరేసిన బట్టల మీద తెల్లటి రాతిపొడి. చనిపోయినాయన భార్య బయటే కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. కదిరి వైపు నుంచి పనికి వచ్చినవాళ్ళు. నేను దారిలో మనసులో కూర్చుకున్న నాలుగు మాటలూ ఆమె ముందు నిలబడగానే పనికిరాకుండా పోయాయి. కంప్యూటరు, కాగితం, వాక్యం అంటూ ఏదో మొదలుపెట్టాను. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, తను చెప్పింది.

"తప్పు మాదేమ్మా. నువ్వేమీ మరిసిపోల్యా. మా కాగితంలోనే పాత పేరు ఉండిపోయింది. ఆయన ఒకసారి ఒకదినం లేటుగా వచ్చె, అంతే, మందులన్నీ సరిగ్గనే తినె."

ఆమె చాట కింద పెట్టింది. "ఆయప్పొచ్చి అడిగినప్పుడు, మందుకు తోలుకపోయేది నేనే మరిసిపోతినేమో అనుకుంటి. అందుకే సచ్చిపాయనేమో అనుకుంటి. అప్పట్నించీ అదే అనుకుంటా ఉండా" అంది.

ఆ మాట నాతోపాటే ఉండిపోయింది. నేను కొట్టేసింది ఒక పేజీలో ఒక్క వాక్యం. అది ఎనిమిది పేజీలు దాటి, రేకుల ఇంటిదాకా వెళ్ళి, భర్త చావుకు కారణం తనేనని ఒకామెను అనుకునేలా చేసింది.

తిరిగి వస్తుంటే నర్సమ్మ ఆటోలో మాట్లాడింది. మెచ్చుకోలు మాటేమైనా వస్తుందని నేను లోలోపల ఎదురుచూశానేమో, ఇప్పుడు దాచుకోను.

"నెల దినాలు మేడం. నాకే బుర్ర ల్యాదనుకున్యా. మా ఆయనతో గూడా చెప్పినా, నా చేత కాదు, రాజీనామా ఇచ్చేస్తానని. మీరు ఫోన్‌లో ఒక్కసారన్నా, నువ్వేం చేసినావో చెప్పమ్మా అని అడిగుంటే, ఈ పుస్తకం అప్పుడే చదివి వినిపిస్తుంటి కదా!"

"అవును" అన్నాను.

ఆ మధ్యాహ్నం సరిచేసిన జాబితా తీస్తే, మేము గమనించకుండా ఆరుగురు మందు మానేసి ఉన్నట్టు తేలింది. అయిదుగురు రెండు రోజుల్లో దొరికారు. ఆరోవాడు రాళ్ళు పాలిష్ చేసే మనిషి, ఒంట్లో బాగుందని మానేశాడు. దొరికేటప్పటికి దగ్గితే మళ్ళీ రక్తం పడుతోంది. చికిత్స మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. నెలల తరబడి వచ్చి పూర్తి చేశాడని, బతికి బాగున్నాడని తర్వాత తెలిసింది. అప్పటిదాకా నేను ప్రతి శనివారం ఆసుపత్రికి ఫోన్ చేసి అతని సంగతి అడిగేదాన్ని.

పెద్దాయన ఆ ఉత్తర్వు చింపేశాడు. మిగతా నాలుగు ఆసుపత్రులు మాత్రం మా ప్లగిన్ తీసుకోలేదు. మేనేజరు నాతో చాలా రోజులు ముక్తసరిగా మాట్లాడాడు. అతన్ని నేను తప్పుపట్టను. అతను చూసుకోవాల్సిన కంపెనీ అది. ప్రోగ్రామరు మాత్రం ఆ వారమే ప్లగిన్ మార్చి, ఎవరూ ఏమీ రాయకపోయినా జాబితా రోజూ కొత్తగా తయారయ్యేలా చేశాడు.

నేను డాక్యుమెంట్ మళ్ళీ రాశాను. నర్సమ్మ నోటుపుస్తకం అడిగి తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను. ప్రతి అంశం కింద, అది చేశాక తెర మీద ఏం కనబడాలో రాశాను. కనబడకపోతే ఏం చేయాలో రాశాను. అందులో సగం ఆమె మాటలే. అర్థం కాని ప్రతి చోటా లేచి వెళ్ళి ప్రోగ్రామరును అడిగాను. ఒక విషయమైతే నాలుగుసార్లు అడిగాను. విసుక్కోలేదు. "మీరు అడుగుతుంటే నాకే అర్థమవుతోందక్కా" అన్నాడు. పద్నాలుగు పేజీలు వచ్చాయి. ఇంత ఎవరు చదువుతారని మేనేజరు అడిగాడు. ఎనిమిది పేజీలనూ స్కేలు పెట్టి తొమ్మిదిసార్లు చదివిన మనిషి ఉందని చెప్పాను.

మీరు డాక్యుమెంట్ రాసేటప్పుడు, ఎవరూ చదవరులే అనుకుని రాయడం సులువు. అది మనకు చాలా సౌకర్యంగా ఉంటుంది కూడా. కానీ నమ్మి, మాట మాటా చదివి, చెప్పినట్టే చేసే మనిషి ఎక్కడో ఒక గదిలో ఉంటుంది. ఆమెకు తేడా వస్తే ముందుగా తననే అనుమానించుకుంటుంది. నేను ఉద్యోగం చేసిన మిగతా కాలమంతా, ప్లగిన్ గురించి ఏమీ తెలియని ఒకరిని పిలిచి నా ముందు కూర్చోబెట్టి, నేను నోరెత్తకుండా వాళ్ళతో చేయించి చూశాకే డాక్యుమెంట్ బయటికి పంపాను. ఫిర్యాదుల పుస్తకంలో "వాడేవారి పొరపాటు" అన్న మాట మళ్ళీ రాయలేదు.

కొత్త డాక్యుమెంట్ పట్టుకుని ఇంకో ఉదయం జిగణి వెళ్ళాను. నర్సమ్మ పాత ప్లగిన్ తీసేసి, పద్నాలుగు పేజీలూ చూసుకుంటూ కొత్తది పెట్టింది. రెండుచోట్ల ఆగి, "ఈడ మీ మాట తిరకాసుగా ఉండాది మేడం" అంది. అక్కడే దిద్దాను. జాబితా అచ్చయింది. పదిహేడు పేర్లు. కార్యకర్త చెయ్యి చాచాడు.

"ఆగప్పా" అంది నర్సమ్మ. అలమరలోంచి మందులిచ్చే గదిలో చేత్తో రాసే పెద్ద రిజిస్టరు తీసి బల్ల మీద తెరిచింది. నన్ను నమ్మలేదు. నమ్మమని అడిగే హక్కు నాకూ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, జాబితా నా చేతిలోకి తీసుకున్నాను.

నేను మొదటి పేరు చదివాను. ఆమె రిజిస్టరులో మందుకు రానివాళ్ళ పేర్ల మీద వేలు జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆపింది.

"ఉండాడు" అంది.

రెండో పేరు చదివాను.

"ఉండాది."

అలా పదిహేడు పేర్లూ చదివాను. పదిహేడుగురూ ఉన్నారు. అప్పుడు ఆమె జాబితా నా చేతిలోంచి తీసుకుని, మడత పెట్టి, కార్యకర్త చేతికిచ్చింది.